చీకటి గది రసాయనాలు: నిల్వ, పాత్రల శుభ్రత

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• డెవలపర్, ఫిక్సర్ నిల్వలో ఎందుకు పాడవుతాయో వివరించగలుగుతారు.
• కృష్ణా డెల్టా వంటి వేడి, తేమ ఉన్న ప్రాంతంలో రసాయనాలను ఎలా భద్రపరచాలో చెప్పగలుగుతారు.
• సీసాలను, ట్రేలను శుభ్రం చేసే పద్ధతిని కారణాలతో సహా రాయగలుగుతారు.
• వాడేసిన ద్రావణాల వల్ల మనుషులకు, నీటికి హాని కలగకుండా జాగ్రత్త పడగలుగుతారు.

7.1 విషయ పరిచయం

ఫిలిం కడగడం, ప్రింట్లు వేయడం గత పాఠాల్లో తెలుసుకున్నారు. ఆ పని ముగిసి లైటు వేసిన తరువాత చేయవలసినవి ఈ పాఠంలో ఉన్నాయి. సీసాలో మిగిలిన డెవలపర్‌ను ఏం చేయాలి? ట్రేకు అంటిన గోధుమరంగు మరకతో ప్రమాదం ఉందా? వాడేసిన హైపోను ఎక్కడ పారబోయాలి? పరీక్షలో వీటికి కేటాయించే మార్కులు తక్కువే కావచ్చు. కానీ చీకటి గదిలో జరిగే నష్టాల్లో చాలా భాగం వీటి దగ్గరే మొదలవుతుంది.

నష్టం రెండు రకాలు. మొదటిది చిత్రానికి. పాడైన డెవలపర్‌లో పడిన ఫిలిం పలచగా వస్తుంది, ఒక్కోసారి అసలు బొమ్మే రాదు. బలం తగ్గిన ఫిక్సర్‌లో కడిగిన ప్రింటు ఆ రోజు బాగానే కనిపిస్తుంది. కొన్నేళ్లకు పసుపుబారి, మరకలు పడి, మొహాలు ఆనవాలు పట్టలేనంతగా మారుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వంటి విపత్తులో ఇంట్లోని పటాలన్నీ పోయిన కుటుంబానికి, ఏ స్టూడియోలోనో మిగిలిన ఒక నెగెటివే ఆధారం కావచ్చు. అది నిలవాలంటే దాన్ని కడిగిన రోజున ఫిక్సర్ బలంగా ఉండి ఉండాలి. రెండవ రకం నష్టం మనిషికి. పేరు రాయని సీసా ఇంట్లో ఉంటే ఏం జరుగుతుందో విడిగా చెప్పనక్కర్లేదు.

ఈ పాఠమంతటా ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఇల్లు గుడివాడ దగ్గర పెదపారుపూడిలో ఉంది. స్నానాల గదినే రాత్రిపూట చీకటి గదిగా వాడుకుంటున్నారు. రసాయనాలు పెట్టుకోవడానికి ఒక గూడు మాత్రమే ఉంది. ఏసీ లేదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లుతాయి. ఈ పరిస్థితుల్లో ఏం చేయాలో చూద్దాం.

7.2 రసాయనాలు ఎందుకు పాడవుతాయి?

7.2.1 డెవలపర్ – గాలి

డెవలపర్ పని ఎలక్ట్రాన్లను ఇచ్చి వెండి లవణాన్ని వెండిగా మార్చడం. ఎలక్ట్రాన్లను అంత తేలికగా ఇచ్చే పదార్థం గాలిలోని ఆక్సిజన్‌కు కూడా అంతే తేలికగా ఇస్తుంది. కాబట్టి డెవలపర్‌కు పనిచేసే గుణమూ, పాడయ్యే గుణమూ ఒక్కటే. హైడ్రోక్వినోన్ ఆక్సీకరణం చెందితే క్వినోన్ ఏర్పడి ద్రావణం ముందు టీ రంగుకు, ఆ తరువాత నల్లగా తిరుగుతుంది. దీన్ని ఆలస్యం చేయడానికే సోడియం సల్ఫైట్ కలుపుతారు.

1920లలో సినిమా నెగెటివ్‌ల కోసం రూపొందిన డి-76 సూత్రాన్నే చూడండి. ఒక లీటరులో మెటోల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు, సల్ఫైట్ మాత్రం 100 గ్రాములు ఉంటాయి. అసలు పనివాళ్ల కంటే కాపలాదారు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. లీటరు సీసాలో సగం డి-76, సగం గాలి ఉన్నాయి. 500 మి.లీ. గాలిలో 21 శాతం, అంటే 105 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. దాని బరువు సుమారు 0.14 గ్రాములు. 32 గ్రాముల ఆక్సిజన్ 252 గ్రాముల సోడియం సల్ఫైట్‌ను సల్ఫేట్‌గా మార్చగలదు. ఆ ప్రకారం సీసాలోని ఆక్సిజన్ అంతా సల్ఫైట్‌తోనే కలిసినా సుమారు 1.1 గ్రాముల సల్ఫైట్ ఖర్చవుతుంది. సీసాలో ఉన్నది 50 గ్రాములు. అంటే బిగించిన సీసాలో ఒకసారి చిక్కుకున్న గాలి వల్ల పెద్ద ప్రమాదం లేదు. మూత తీసిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుంది. మూత సరిగా బిగియకపోతే గాలి ఆగకుండా వస్తూనే ఉంటుంది. డెవలపర్‌ను చంపేది ఇదే.

ట్రేలోని పేపర్ డెవలపర్ సంగతి వేరు. 8×10 అంగుళాల ట్రేలో సుమారు 500 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం గాలికి తెరిచి ఉంటుంది. డి-72 వంటి పేపర్ డెవలపర్ లీటరులో 45 గ్రాముల సల్ఫైట్ ఉంటుంది. ఒక పాలుకు రెండు పాళ్ల నీళ్లు కలిపితే లీటరుకు 15 గ్రాములే మిగులుతుంది. పైగా అందులో క్షారం బలమైనది. అందుకే నీళ్లు కలిపిన పేపర్ డెవలపర్‌ను ఆ పూటకే వాడి వదిలేయాలి. తిరిగి స్టాక్ సీసాలో పోయకూడదు.

7.2.2 ఫిక్సర్ – ఆమ్లం, వేడి

మన స్టూడియోల్లో హైపో అని పిలిచేది సోడియం థయోసల్ఫేట్. త్వరగా పనిచేసే ఫిక్సర్లలో అమ్మోనియం థయోసల్ఫేట్ ఉంటుంది. ఆమ్లం ఎక్కువైనా, వేడి ఎక్కువైనా థయోసల్ఫేట్ విడిపోయి గంధకం బయటపడుతుంది. ద్రావణం పాలలా తెల్లబడి, అడుగున లేత పసుపు మడ్డి దిగి, ఘాటైన వాసన వస్తే ఆ ఫిక్సర్ పని అయిపోయినట్టే. ఆ గంధకం ఫిలింకు అంటుకుంటే వదలదు.

ఫిక్సర్ చెడిపోవడానికి రెండవ కారణం వాడకం. ప్రతి ఫిలిం నుంచీ కొంత వెండి అందులో కరుగుతుంది. వెండి పెరిగేకొద్దీ నీటిలో కరగని సంయోగాలు ఏర్పడి, ఎంత కడిగినా కాగితంలోనే ఉండిపోతాయి. కాబట్టి ఫిక్సర్ సీసా మీద తేదీతో పాటు ఎన్ని ఫిలింలు కడిగారో కూడా గీతలు గీసుకోండి.

7.2.3 పొడులు – తేమ

ఇంకా కలపని పొడులకు తేమే శత్రువు. వానాకాలంలో మూత వదులుగా ఉన్న సల్ఫైట్ గడ్డకట్టి, మెల్లగా సల్ఫేట్‌గా మారుతుంది. చూడటానికి అదే తెల్లపొడి. తూకంలో సరిపోతుంది, పనిలో సరిపోదు. ప్యాకెట్‌ను మడిచి రబ్బరు బ్యాండు వేస్తే చాలదు. వెడల్పు మూతి గల గాజు లేదా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోసి బిగించాలి.

7.3 నీరు

దిగువ డెల్టాలో భూగర్భజలం చాలా చోట్ల ఉప్పగా ఉంటుంది. ఊళ్లకు తాగునీరు కాలువల నుంచి చెరువులకు చేరుతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత ఆ చెరువు నీరే ఆధారం. రసాయనాలు కలపడానికి బోరు నీరు వాడితే రెండు ఇబ్బందులు. అందులోని కాల్షియం సల్ఫైట్‌తోను, కార్బొనేట్‌తోను కలిసి తెల్లని మడ్డిగా దిగుతుంది. ఉప్పు ఎక్కువైతే డెవలపర్ పనితీరు మారుతుంది.

కాచి చల్లార్చిన నీటిలో కరిగి ఉన్న గాలి పోతుంది, కాఠిన్యం కొంత తగ్గుతుంది. కానీ ఎంత కాచినా ఉప్పు పోదు. కాబట్టి డెవలపర్ స్టాక్ కలపడానికి ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఫిక్సర్‌కు, స్టాప్ బాత్‌కు ఫిల్టర్ చేసిన తాగునీరు సరిపోతుంది. సీసాలు కడగడానికి ముందు ఏ నీరైనా వాడి, చివరి ఒక్కసారి మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచితే చాలు.

7.4 ఏ పాత్రలు వాడాలి?

గాజు సీసా అన్నిటికంటే మంచిది. గాలి దాని గోడలను దాటి రాలేదు. మందుల షాపుల్లో కనిపించే గోధుమరంగు సీసాలు వెలుతురును కూడా కొంత ఆపుతాయి. పగిలిపోతాయన్నదే ఇబ్బంది.

ప్లాస్టిక్ సీసా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంకె ఉన్నది గాలిని బాగా ఆపుతుంది. 2 అంకె ఉన్నది గట్టిది, రసాయనాలను తట్టుకుంటుంది కానీ గాలిని కొద్దికొద్దిగా రానిస్తుంది. కాబట్టి ఫిక్సర్‌కు, స్టాప్ బాత్‌కు 2 అంకె క్యాన్లు వాడండి. డెవలపర్‌ను గాజులో ఉంచండి.

రాగి, ఇత్తడి, అల్యూమినియం, ఇనుప పాత్రలు పనికిరావు. అతి కొద్ది రాగి చేరినా డెవలపర్ ఆక్సీకరణం వేగం పుంజుకుంటుంది. వెండి ఉన్న ఫిక్సర్ ఇనుమునో రాగినో తాకితే ఆ లోహం కరిగి, వెండి దాని మీద పేరుకుంటుంది. పెచ్చులూడిన ఎనామిల్ ట్రేలో తుప్పు దిగుతుంది. వంటింటి స్టీలు గిన్నెలకు ఆమ్ల ఫిక్సర్ వల్ల గుంటలు పడతాయి. పింగాణీ జాడీ రసాయనికంగా సరైనదే. అయితే ఒకసారి చీకటి గదిలోకి వచ్చిన జాడీ, గరిటె, గరాటు ఏదైనా తిరిగి వంటింట్లోకి పోకూడదు.

చల్లని పానీయాల సీసాలు గాలిని బాగా ఆపుతాయి, ఖర్చు ఉండదు. అయినా వాడకండి. వేసవిలో దాహంతో వచ్చిన పిల్లవాడు సీసా ఆకారాన్ని చూస్తాడు, మీరు అంటించిన చీటీని చదవడు.

7.5 నిల్వ పద్ధతి

ఆవకాయ జాడీలో ముక్కల మీద నూనె తేలేలా పోస్తారు, తడి గరిటె పెట్టనివ్వరు. గాలి తగలకూడదు, పరాయి వస్తువు కలవకూడదు అన్నదే అందులోని సూత్రం. చీకటి గదికీ ఇవే రెండు సూత్రాలు. నూనె మాత్రం ఇక్కడ పనికిరాదు, ఫిలింకు అంటుకుంటుంది.

(అ) సీసాలను నిండుగా ఉంచండి. లీటరు డెవలపర్‌ను ఒకే సీసాలో పోయకుండా 250 మి.లీ. సీసాలు నాలుగింటిలో నిండా పోసుకోండి. ఒకటి తెరిచినప్పుడు మిగతా మూడింటికి గాలి తగలదు. పెద్ద సీసాయే ఉంటే, శుభ్రంగా కడిగిన గాజు గోలీలను సీసా వంచి మెల్లగా జారవిడిచి ద్రావణం మట్టాన్ని మూతి దాకా తేవచ్చు.

(ఆ) చీటీ రాయండి. పేరు, స్టాకా నీళ్లు కలిపినదా, కలిపిన తేదీ, వాడవలసిన గడువు అందులో ఉండాలి. మార్కరు రాత మీద పారదర్శక టేపు అంటించండి. నిండు సీసాలో డి-76 ఆరు నెలలు, సగం సీసాలో రెండు నెలలు అన్నది సాధారణ సూచన. మన వేసవిని ఆ సూచన లెక్కలోకి తీసుకోలేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని గుర్తుంచుకుని, మే, జూన్ నెలల్లో ఆ గడువును సగానికి తగ్గించుకోండి.

(ఇ) చోటు చూసుకోండి. మేడ గదిలో కన్నా కింది గదిలో, పడమటి గోడకు కాకుండా ఉత్తరపు గోడకు ఉన్న గూడు చల్లగా ఉంటుంది. సీసాలను నీళ్ల తొట్టెలో నిలబెట్టి తడి గోనెసంచి కప్పితే కొంత చల్లబడతాయి. అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ ఉపాయం అంతగా పనిచేయదు. తినే పదార్థాలున్న ఫ్రిజ్‌లో ఎప్పుడూ పెట్టకండి. వరద నీరు గదిలోకి వచ్చే ప్రాంతం కాబట్టి నేల మీద కూడా పెట్టకండి. నడుమెత్తులో, తాళం వేసే గూడు సరైనది. తలకు పైన ఉన్న అటక మీద ఆమ్లాన్ని ఉంచితే దించేటప్పుడు కళ్లల్లో పడే ప్రమాదం ఉంది.

(ఈ) వేరు చేసి పెట్టండి. గాఢ ఎసిటిక్ ఆమ్లం ఆవిరి ఇనుప బీరువాను తుప్పు పట్టిస్తుంది, నిప్పు తగిలితే మండుతుంది. సల్ఫైట్ మీద ఆమ్లం ఒలికితే ఊపిరాడనివ్వని సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వెలువడుతుంది. పొటాషియం ఫెర్రిసయనైడ్‌ను బలమైన ఆమ్లాల దగ్గర ఉంచకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుట్టవచ్చు. స్టాప్ బాత్ కోసం ఎసిటిక్ ఆమ్లానికి బదులు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, లీటరుకు 15 గ్రాములు వాడితే ఇంట్లో గాఢ ఆమ్లం ఉంచే అవసరమే ఉండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. డి-76లో సల్ఫైట్ పాత్ర ఏమిటి?
2. ట్రేలో వాడిన పేపర్ డెవలపర్‌ను స్టాక్ సీసాలో ఎందుకు పోయకూడదు?

7.6 పాత్రల శుభ్రత

7.6.1 తొలచడంలోని లెక్క

సీసా వంచి ఖాళీ చేసిన తరువాత కూడా గోడలకు అంటి 10 మి.లీ. ద్రావణం మిగిలిందనుకోండి. మీ దగ్గర 300 మి.లీ. నీరు ఉంది. మొత్తం ఒకేసారి పోసి కుదిపి పారబోస్తే, లోపల మిగిలే రసాయనం గాఢత 31వ వంతు అవుతుంది. అదే నీటిని 100 మి.లీ. చొప్పున మూడుసార్లు పోస్తే ప్రతిసారీ 11వ వంతు అవుతూ, చివరకు 1331వ వంతుకు చేరుతుంది. నీరు అంతే, ఫలితం నలభై రెట్లకు పైగా మెరుగు. వేసవిలో నీటి కరువున్న ఊళ్లో ఈ లెక్క మరీ అవసరం. కొంచెం నీరు, ఎక్కువసార్లు అన్నది సూత్రం.

పని ముగిసిన వెంటనే తొలచండి. ఆరిపోయిన మడ్డిని వదిలించడం చాలా కష్టం. మూతను, మూత లోపలి రబ్బరు బిళ్లను, సీసా మెడమీది మరలను మరిచిపోకండి. కొద్దిపాటి హైపో డెవలపర్‌లో కలిసినా ఫిలిం మీద పొగలాంటి మసక వస్తుంది. ఆ హైపో చాలాసార్లు మారిపోయిన మూత ద్వారానే చేరుతుంది. అందుకే డెవలపర్ మూతకు ఎర్ర టేపు, స్టాప్ బాత్‌కు పసుపు, ఫిక్సర్‌కు నీలం చుట్టుకోండి. గరాటు, కొలగ్లాసు కూడా ఇదే పద్ధతిలో వేరుగా ఉండాలి. అవి ఒక్కొక్కటే ఉంటే ముందు డెవలపర్, తరువాత స్టాప్, చివర ఫిక్సర్ అన్న వరసలో కొలవండి.

7.6.2 మరకను గుర్తించడం

అన్ని మరకలూ ఒకటి కావు. ముందు అదేమిటో గుర్తించి, తరువాత మందు వాడాలి.

గోధుమరంగు మరక: ఆక్సీకరణం చెందిన డెవలపర్ ప్లాస్టిక్‌లోకి ఇంకడం వల్ల వస్తుంది. వేలితో రుద్దితే రాకపోతే, అందులో పోసిన మంచినీరు రాత్రంతా ఉంచినా రంగు మారకపోతే, ఆ ట్రేను నిశ్చింతగా వాడవచ్చు. రంగు పోవలసిన అవసరం లేదు.

తెల్లని పొలుసు: నీటిలోని కాల్షియం వల్ల ఏర్పడుతుంది. లీటరు నీటికి 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెడితే కరుగుతుంది. ముందుగా పాత్రలో సల్ఫైట్, హైపో లేకుండా కడగడం తప్పనిసరి.

లేత పసుపు మడ్డి: చెడిన ఫిక్సర్ నుంచి దిగిన గంధకం. నీటిలో కరగదు. బ్రష్‌తో రుద్ది, మిగిలినదాన్ని వేడి సోడియం సల్ఫైట్ ద్రావణంలో నానబెట్టండి. గంధకం సల్ఫైట్‌తో కలిసి థయోసల్ఫేట్‌గా, అంటే మళ్లీ హైపోగా మారి మెల్లగా కరుగుతుంది.

నల్లని పొర: వెండి. మెత్తని సీసా బ్రష్‌తో వచ్చినంత మేర తీసేయండి. రాకపోతే ఆ సీసాను ఫిక్సర్‌కే కేటాయించండి.

బూడిద, కొబ్బరి పీచు, ఇసుక వాడి తోమకండి. ప్లాస్టిక్ మీద పడిన ప్రతి గీతలోనూ రసాయనం దాక్కుంటుంది. పాత పుస్తకాల్లో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి ట్రేలు కడిగే సూత్రం కనిపిస్తుంది. ఆ డైక్రోమేట్ కాన్సర్ కారకం, ఆ ఆమ్లం ఒళ్లు కాలుస్తుంది. ఒక ట్రే ధర కోసం అంత ప్రమాదం అక్కర్లేదు. బ్లీచింగ్ ద్రావణాన్ని కూడా ఆమ్లంతోగాని, అమ్మోనియం ఫిక్సర్‌తోగాని కలవనివ్వకూడదు. విషవాయువులు వస్తాయి.

కడిగిన సీసాలను శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉండగా మూత బిగిస్తే వానాకాలంలో లోపల బూజు పడుతుంది.

7.7 పాత స్టూడియో సామాను

గుడివాడ, మచిలీపట్నం వంటి పట్టణాల్లో డిజిటల్ కెమెరాలు వచ్చాక చీకటి గదులు మూతపడ్డాయి. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వారి ‘ఇందు’ కాగితం పెట్టెలతో పాటు పాత సీసాలు కూడా మీకు ఎవరైనా ఇవ్వవచ్చు. ట్రేలు, ఎన్‌లార్జర్ సంతోషంగా తీసుకోండి. పేరు లేని సీసాను మాత్రం తెరవకండి, వాసన చూడకండి. నారింజరంగు స్ఫటికాలు డైక్రోమేట్ కావచ్చు. తెల్లపొడి హైపో కావచ్చు, పలచని నెగెటివ్‌ను చిక్కబరచడానికి ఒకప్పుడు వాడిన, ప్రాణాంతకమైన మెర్క్యురిక్ క్లోరైడ్ కూడా కావచ్చు. కంటికి రెండూ ఒకటే.

పేరు ఉన్న పాత డెవలపర్‌ను ఫిలిం తోకతో పరీక్షించండి. వెలుతురు తగిలిన ఆ ముక్కను డెవలపర్‌లో వేస్తే మామూలు వ్యవధిలో చిక్కని నలుపుకు రావాలి. ఫిక్సర్‌కు కూడా కడగని మరో ముక్కతో ఇదే పరీక్ష. కొత్త ఫిక్సర్‌లో ముక్క పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో ముందే రాసిపెట్టుకోండి. దానికి రెట్టింపు సమయం పట్టిన రోజున ఆ ఫిక్సర్‌ను వదిలేయండి.

7.8 వాడేసిన ద్రావణాలు, భద్రత

డెల్టాలో కాలువ నీరే చేనుకు, చేపల చెరువుకు, మంచినీటి చెరువుకు వెళ్తుంది. వెండి అయాన్లు చేపలకు, నీటిలోని సూక్ష్మజీవులకు విషం. అందువల్ల వాడేసిన ఫిక్సర్‌ను కాలువలోనో, ఇంకుడు గుంటలోనో, సెప్టిక్ ట్యాంకులోనో పోయకండి. ఒక క్యాన్‌లో పోగుచేయండి. అందులో గిన్నెలు తోమే ఇనుప పీచు వేసి కొన్ని రోజులు ఉంచితే ఇనుము కరిగి, వెండి నల్లని బురదగా అడుగుకు చేరుతుంది. లెక్క ప్రకారం ఒక గ్రాము ఇనుము సుమారు 3.9 గ్రాముల వెండిని వెలికితీయగలదు. ఆ బురదను, పైన తేరిన ద్రావణాన్ని, వాడేసిన డెవలపర్‌ను విడివిడి క్యాన్లలో ఉంచి, ప్రాక్టికల్ తరగతులకు వచ్చినప్పుడు ప్రయోగశాలలో ఎలా అప్పగించాలో అధ్యాపకులను అడగండి.

చేతి తొడుగులు లేకుండా డెవలపర్ ముట్టుకోకండి. మెటోల్ కొందరికి చర్మంపై దురద, పగుళ్లు తెస్తుంది. ఒకసారి మొదలైతే మళ్లీ తగిలిన ప్రతిసారీ వస్తుంది. పొడులు కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, కిటికీ తెరవండి. ఆస్తమా ఉన్నవారికి సల్ఫైట్ వాసన హాని చేస్తుంది. ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎవరైనా మింగితే బలవంతంగా వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు డాక్టరుకు పనికొచ్చేది మీరు సీసా మీద రాసిన చీటీయే.

7.9 సారాంశం

డెవలపర్‌ను గాలి, ఫిక్సర్‌ను ఆమ్లం, వేడి, పేరుకున్న వెండి, పొడులను తేమ పాడుచేస్తాయి. చిన్న గాజు సీసాలు నిండుగా పోసి, పేరు, తేదీ రాసి, నడుమెత్తు గూటిలో తాళం వేసి ఉంచాలి. పని ముగిసిన వెంటనే కొద్ది నీటితో ఎక్కువసార్లు తొలచాలి. మరక ఏమిటో గుర్తించిన తరువాతే మందు వాడాలి. మూతలు మార్చకూడదు. వెండి ఉన్న ఫిక్సర్ కాలువలో కలవకూడదు.

7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. గాలిలోని ఆక్సిజన్‌తో తాను ముందుగా కలిసి, డెవలప్ చేసే పదార్థాలను కాపాడుతుంది.
2. అప్పటికే ఆక్సీకరణం చెంది, సల్ఫైట్ తగ్గి ఉంటుంది కాబట్టి స్టాక్‌ను కూడా పాడుచేస్తుంది.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. పది వాక్యాల్లో జవాబు రాయండి.
1. చీకటి గది పాత్రల మీద ఏర్పడే మరకల రకాలను, వాటిని తొలగించే పద్ధతులను వివరించండి.
2. మీ ఊరి నీరు, ఎండ, తేమలను దృష్టిలో ఉంచుకుని రసాయనాల నిల్వకు ఒక ప్రణాళిక రాయండి.

II. లెక్క చేయండి.
1. సీసాలో 5 మి.లీ. ఫిక్సర్ మిగిలింది. 200 మి.లీ. నీటిని ఒకేసారి పోసినప్పుడు, 50 మి.లీ. చొప్పున నాలుగుసార్లు పోసినప్పుడు మిగిలే గాఢతలను పోల్చండి.